మళ్ళీ ఇల్లు పెట్టాల్సి వస్తే, రెండోసారి కూడా డబ్బులిచ్చి కొనే సామాన్లు ఏవి?

సింగ్‌నగర్ అమ్మాయి (విజయవాడ)

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు వాగు పొంగి వచ్చినప్పుడు మాది అజిత్‌సింగ్‌నగర్‌లో కింది వాటా. చూస్తుండగానే నీళ్ళు గుమ్మం దాటాయి, మధ్యాహ్నానికి కిటికీ దాకా వచ్చాయి, పిల్లల్ని ఎత్తుకుని పైవాటా వాళ్ళింటికి వెళ్ళిపోయాం. నీళ్ళు పూర్తిగా తీసేసరికి వారం పైనే పట్టింది. దిగి చూస్తే పెళ్ళికి అమ్మావాళ్ళిచ్చిన సారె సామాను, పదేళ్ళుగా ఒక్కొక్కటే కొనుక్కున్నవి, అన్నీ బురదలో ఉన్నాయి. కింది వాటాల వాళ్ళకి ప్రభుత్వం ఇచ్చిన 25,000 మాకూ వచ్చింది, మిగతాది చీటీ పాడి తెచ్చాం. ఆ కంగారులో ఏది ముందు దొరికితే అది కొనేశాం, ఎందుకంటే వంట చేయాలి, పిల్లలు పడుకోవాలి, ఆలోచించే టైము లేదు. అలా కొన్నవాటిలో సగం ఇప్పటికే పాడైపోయాయి.

ఇప్పుడు వైశాఖంలో పటమటలో మొదటి అంతస్తులో అద్దెకి దిగుతున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు. చేతిలో లక్షా పాతిక వేలున్నాయి. ఈసారి తొందరపడి కొనకూడదని గట్టిగా అనుకున్నాను.

నేను అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో ఏదైనా వస్తువు పాడైపోయో, ఇల్లు మారో, పిల్లకి ఇచ్చేసో మళ్ళీ కొనాల్సి వచ్చినప్పుడు మళ్ళీ అదే కొన్నారా? అలాంటివే చెప్పండి. మొన్న కొన్నాను బాగుంది అనేవి వద్దు, అవి ప్రకటనల్లో కూడా చెప్తారు.

మా ఇంట్లో వరద తట్టుకుని మిగిలినవి: అమ్మ ఇచ్చిన ఇనుప అట్ల పెనం, స్టీలు గిన్నెలన్నీ, రోలు, ఇత్తడి బిందె, టేకు మంచం. పోయినవి: పరుపులు, చెక్కపొట్టు బీరువా, సోఫా, టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పిల్లల పుస్తకాలు, ఆ ఏడాది పెట్టిన ఆవకాయ. జాడీలు పగల్లేదు, వాసెన గుడ్డలోంచి నీళ్ళు దిగాయి. ఆ పచ్చడి పారబోస్తుంటే మా అత్తగారు ఏడ్చారు. టీవీ పోయినప్పుడు కూడా ఆవిడ ఏడవలేదు.

బ్రాడీపేట పిన్ని (గుంటూరు)

అమ్మాయీ, చదువుతుంటే కళ్ళు చెమర్చాయి. ఆవకాయ సంగతి నాకు అర్థమైంది, మీ అత్తగారికి ఈ వేసవిలో మళ్ళీ పెట్టించు, జాడీలు అవే వాడొచ్చు. లోపల పింగాణీ పూత ఎక్కడా పెచ్చు లేవకుండా, చీలిక లేకుండా ఉంటే చాలు. బాగా కడిగి, రెండు మూడు ఎండల్లో బోర్లించి పెట్టి, లోపల చేత్తో తడిమి చూడు, గరుకుగా తగిలితే మాత్రం దాన్ని బియ్యానికో పప్పుకో వాడు, ఊరగాయకి వద్దు.

కాపురానికొచ్చి 36 ఏళ్ళు, మా ఆయన ఉద్యోగం వల్ల నరసరావుపేట, బాపట్ల, ఒంగోలు తిరిగి మళ్ళీ గుంటూరు చేరాం. ఇద్దరు ఆడపిల్లలకి ఇళ్ళు పెట్టించాను. అంటే మూడిళ్ళకి సామాను కొన్నట్టు. మూడిళ్ళకీ కొన్నవి చెప్తాను. ఇనుప పెనం, ఇనుప మూకుడు. మూడు లీటర్ల కుక్కరు ఒకటి, ఐదు లీటర్లది ఒకటి. స్టీలు పోపుల డబ్బా, లోపల ఏడు గిన్నెలుండేది, పైన బిగుతుగా పట్టే మూత ఉండేది. కత్తిపీట. నా పిల్లలిద్దరూ చాకు, చెక్కపలక వాడతారు కానీ గోంగూర కట్టలు పది ఒలిచి తరగాలన్నా, మామిడికాయ ముక్కలు కొట్టాలన్నా నాకే ఫోను చేస్తారు. పెద్దదానికి ఈమధ్యే కత్తిపీట కొనిచ్చాను.

ఇనుప పెనం కొత్తది కొంటే మొదటి రోజే దోసె వేయొద్దు. గంజిలో ఒక రాత్రి నానబెట్టి, తోమి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనె రాసి, ఉల్లిపాయ చెక్కతో రుద్దుతూ మూడు నాలుగు రోజులు అలా చేస్తే నల్లగా మెరుపొస్తుంది. ఆ తర్వాత సబ్బు పెట్టి తోమకూడదు. నా పెనం నా పెళ్ళి నాటిది.

కానూరు కుర్రాడు (విజయవాడ)

అక్కా, నేను ఆరేళ్ళలో మూడు నాన్‌స్టిక్ పెనాలు కొన్నాను. అంటే మీ లెక్కలో మళ్ళీ మళ్ళీ కొన్నట్టే, కానీ బాగుండి కాదు, పూత లేచిపోయి. రూములో నలుగురం ఉండేవాళ్ళం, ఎవరో ఒకరు స్టీలు గరిటె పెట్టి గీకేవాళ్ళు. పెళ్ళయ్యాక నా భార్య వాళ్ళమ్మ ఇనుప పెనం ఇచ్చి పంపారు. మొదటి వారం దోసె లేవక చాలా విసుగొచ్చింది, పిన్నిగారు చెప్పిన ఉల్లిపాయ పద్ధతి మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు బాగానే వస్తోంది.

నేను రెండోసారి కొన్నది ప్లాస్టిక్ బకెట్లు కాదు, స్టీలు బకెట్. ఇంకొకటి, పల్చటి కాటన్ తువ్వాళ్ళు. మందంగా మెత్తగా ఉండేవి వానాకాలంలో మన దగ్గర ఆరవు, వాసనొస్తాయి. పల్చటివి గంటలో ఆరిపోతాయి.

వన్ టౌన్ స్టీలు (విజయవాడ)

నేను వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల కొట్టులో పదహారేళ్ళుగా పని చేస్తున్నాను. కాబట్టి కొనేటప్పుడు చూడాల్సింది చెప్తాను, ఏ కొట్టులో కొనాలో చెప్పను.

గిన్నెలు తూకానికి ఇస్తారు, అందుకని జనం తేలికైనవి ఎంచుకుంటారు. పల్చటి గిన్నెలో పాలు కాచినా పాయసం చేసినా అడుగంటుతుంది, ఆ గిన్నె పోయి మళ్ళీ కొంటారు. పది పల్చటి గిన్నెల కంటే ఐదు దళసరివి తీసుకోండి. ఇంకో సంగతి, చాలామంది అయస్కాంతం తెచ్చి అంటించి చూస్తారు. అతుక్కోకపోతే మంచి స్టీలు అనుకుంటారు. 304 అనే రకంలో 18 శాతం క్రోమియం, 8 శాతం దాకా నికెల్ ఉంటుంది. దానికంటే తక్కువ నికెల్ వేసి మాంగనీసు ఎక్కువ కలిపే 202 రకానికి కూడా అయస్కాంతం అతుక్కోదు. కాబట్టి ఆ పరీక్షతో రెంటికీ తేడా తెలియదు. ముద్ర చూడండి, బిల్లులో రకం రాయించుకోండి. ఉప్పు, చింతపండు, పెరుగు తగిలే గిన్నెలకి 304 తీసుకోండి, రెండో రకానికి కొన్నాళ్ళకి చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. పప్పులు పోసుకునే డబ్బాలకి రెండో రకమైనా సరిపోతుంది, అక్కడ డబ్బు మిగుల్చుకోండి.

వరద తర్వాత ఆ నెలంతా సింగ్‌నగర్, పాయకాపురం, రామకృష్ణాపురం వాళ్ళు వచ్చేవాళ్ళు. ఒక పెద్దాయన ఒక గిన్నె, నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు తీసుకుని, గరిటె కొనడానికి చిల్లర లెక్కపెట్టుకున్నాడు. మా ఓనరు గరిటెకి డబ్బులు తీసుకోలేదు. అది ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది.

సింగ్‌నగర్ అమ్మాయి

అన్నా, ఆ నెల మేమూ అలాగే కొన్నాం. పిన్నీ, ఈ ఆదివారమే జాడీలు దించి తడిమి చూస్తాను. మిక్సీ సంగతి ఎవరైనా చెప్పండి. వరద తర్వాత కొన్న మిక్సీ ఏడాదిన్నరలో రెండుసార్లు ఆగిపోయింది, మొదటిసారి 600 తీసుకున్నారు, రెండోసారి 900. గ్రైండరు కూడా కావాలా, మిక్సీ చాలా అన్నది ఇంట్లో తేలడం లేదు.

ఆటోనగర్ వైండింగ్ (విజయవాడ)

అమ్మా, మోటార్లు చుట్టడం నా పని, 22 ఏళ్ళ నుంచి. ముందు ఒకటి చూసుకోండి. మిక్సీ తిరగేస్తే అడుగున ఒక చిన్న బటన్ ఉంటుంది, ఎక్కువ శాతం ఎర్రగా ఉంటుంది. లోడు ఎక్కువైతే మోటారు కాలిపోకుండా అదే ఆపేస్తుంది. పది నిమిషాలు చల్లారనిచ్చి ఆ బటన్ నొక్కితే మళ్ళీ తిరుగుతుంది. నా దగ్గరకి వచ్చే మిక్సీల్లో చాలావాటికి అదే సంగతి, నొక్కి ఇచ్చేసి డబ్బులు తీసుకోను. అందరూ అలా చేయరు.

జారు తిరగకుండా కింద చప్పుడు మాత్రమే వస్తుంటే కప్లరు అరిగిందన్నమాట, అది తక్కువ ఖర్చులో పోతుంది. జారు లోంచి నీళ్ళు కారుతుంటే బుష్, వాషరు. నిప్పురవ్వలు, కాలిన వాసన వస్తే కార్బన్ బ్రష్షులు. ఇవన్నీ మార్చుకునేవే. కొనేటప్పుడు అసలు అడగాల్సింది ఒకటే, ఈ మోడలు జారు, బ్లేడు, కప్లరు మన ఊళ్ళో విడిగా దొరుకుతాయా? దొరక్కపోతే ఎంత గొప్ప మిక్సీ అయినా ఒక్క వాషరు కోసం మూలన పడుతుంది. మన వంటకి 750 వాట్లది తీసుకోండి. కొబ్బరి, పచ్చిశనగపప్పు, ఎండుమిరపకాయలు తిప్పాలి కదా, 500 వాట్లది తొందరగా వేడెక్కుతుంది.

గ్రైండరు విషయం. మీరు ఐదుగురున్నారు, వారానికి రెండుసార్లు ఇడ్లీయో దోసెయో వేస్తారు. మిక్సీలో మినప్పప్పు రుబ్బితే బ్లేడు వేగానికి పిండి వేడెక్కుతుంది, అందుకే కొందరు ఐసు నీళ్ళు పోస్తారు. రాళ్ళ గ్రైండరు నిదానంగా తిరుగుతుంది, పిండి గుల్లగా పొంగుతుంది, పప్పు తక్కువ పడుతుంది. రెండు లీటర్ల టేబుల్ మీద పెట్టుకునే రకం దాదాపు 150 వాట్లే తీసుకుంటుంది. నేను మా ఇంట్లో మొదటి గ్రైండరు 14 ఏళ్ళు వాడాను, బెల్టు మూడుసార్లు మార్చాను, అది మా చెల్లికిచ్చి మళ్ళీ అదే కంపెనీది అదే సైజుది కొన్నాను. మీరు అడిగిన లెక్కలో ఇదే నా సమాధానం.

వరద విషయం కూడా ఒక మాట, ముందు ముందు ఎవరికైనా పనికొస్తుంది. మునిగిన మోటారుని ఆరిందనుకుని స్విచ్ వేసి చూస్తారు, అప్పుడు కాలుతుంది. వేయకుండా తెచ్చిన మిక్సీలు, పంపులు, ఫ్యాన్లు నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, వార్నిషు కొట్టి, బేరింగులు మార్చి చాలా బతికించాం. ఫ్రిజ్ కంప్రెసరు సీలు వేసి ఉంటుంది కాబట్టి దానికి నీళ్ళు దిగవు, పోయేది రిలే, కార్డు లాంటి మార్చుకునే భాగాలే. ఆ నెలలో తెలియక మంచి ఫ్రిజ్‌లు పాత ఇనుముకి అమ్మేసినవాళ్ళు చాలామంది.

సింగ్‌నగర్ అమ్మాయి

అన్నా, మీ పోస్టు చదివి ఇప్పుడే వెళ్ళి మిక్సీ తిరగేశాను. బటన్ ఉంది. రెండోసారి 900 దేనికి తీసుకున్నారో ఇప్పుడు అర్థమవుతోంది. మా ఫ్రిజ్ కూడా మేం ఇనుము కొట్టుకే ఇచ్చేశాం.

మంగళగిరి అద్దె ఇల్లు (మంగళగిరి)

బ్యాంకు ఉద్యోగం, మూడేళ్ళకో ఊరు, ఇది ఏడో ఇల్లు. కాబట్టి చెక్క సామాను గురించి నేను చెప్పగలను.

చెక్కపొట్టు పలకలతో చేసినవి, అంటే పార్టికల్ బోర్డు, ఎండీఎఫ్, వీటికి వరదే అక్కర్లేదు. ఇల్లు తుడిచే తడి గుడ్డ రోజూ తగిలినా ఏడాదికి అడుగున ఉబ్బుతుంది. ఇంకా ముఖ్యం, ఒకసారి విప్పి మళ్ళీ బిగిస్తే స్క్రూ పట్టదు, రంధ్రం పొట్టు రాలిపోతుంది. మూడో ఇల్లు మారేసరికి మా డ్రెస్సింగ్ టేబులు, టీవీ స్టాండు, చెప్పుల స్టాండు అన్నీ అలాగే పోయాయి. ప్లైవుడ్‌తో చేయించుకుంటే దాని మీద ముద్ర చూడండి. ఐఎస్ 303 అని ఉన్నదాంట్లో ఎంఆర్ అంటే మామూలు తేమ వరకే, బీడబ్ల్యూఆర్ అంటే నీళ్ళని ఇంకాస్త తట్టుకుంటుంది. ఐఎస్ 710 అని ఉంటే బీడబ్ల్యూపీ, అందరూ మెరైన్ ప్లై అనేది. వంటింటి సింకు కింద దానికి తక్కువది వాడొద్దు.

కానీ అద్దె ఇంటికి నేనైతే ప్లైవుడ్ కూడా చెప్పను. ఇనుప బీరువా. ఏడిళ్ళూ మాతో తిరిగింది అదొక్కటే. రెండేళ్ళ క్రితం పిల్లల గదికి ఇంకొకటి కావాల్సి వస్తే షోరూములన్నీ తిరిగి చివరికి మళ్ళీ ఇనుప బీరువానే కొన్నాం. కింద నాలుగు కాళ్ళకీ ఆరంగుళాల ఇనుప స్టాండు వేయించండి, ఊడ్చుకోవడానికి వీలు, తడి తగలదు.

మీ టేకు మంచం అమ్మకండి. పాలిష్ పోయి ఉంటే గరుకు కాగితం పట్టించి మళ్ళీ పాలిష్ చేయిస్తే కొత్తదిలా ఉంటుంది.

భవానీపురం 2024 (విజయవాడ)

అక్కా, మాదీ మునిగింది, మాకు కృష్ణ వైపు నుంచి కూడా భయమే, ఆ సోమవారం ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కుల పైన వదిలారు. నేను బీరువా గురించి పైన చెప్పినదానితో ఏకీభవిస్తాను కానీ ఎవరూ చెప్పని ఒక వస్తువు చెప్తాను, అది కనిపించదు. ఇంటి సామాను బీమా.

2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ భారత్ గృహ రక్ష అనే పాలసీ ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నియమం పెట్టింది. కంపెనీ ఏదైనా పాలసీ మాటలు ఒకటే. వరద, తుపాను, అగ్నిప్రమాదం అన్నీ వస్తాయి. సొంతిల్లు ఉన్నవాళ్ళు ఇంటికి తీసుకుంటే, ఇంటి మొత్తంలో 20 శాతం, 10 లక్షలకి మించకుండా, సామానుకి దానంతటదే వర్తిస్తుంది. అద్దెకున్నవాళ్ళు సామానుకి మాత్రమే విడిగా తీసుకోవచ్చు. నగలకి అయితే అదనంగా చేర్పించుకోవాలి. నగదుకి రాదు. నాకు ఈ సంగతి వరద ముందు తెలిసి ఉంటే బాగుండేది. ఇప్పుడు రెండో ఏడాది కూడా కట్టాను, అంటే మళ్ళీ కొన్నట్టే కదా.

సామాను దిగిన రోజు గదిగదికీ ఫోనులో వీడియో తీసి, బిల్లులు ఫొటో తీసి మీ మెయిల్‌కే మీరు పంపుకోండి. పదో తరగతి సర్టిఫికెట్లు, పట్టాలు మూతబిగుతు ప్లాస్టిక్ పెట్టెలో అటక మీద పెట్టండి. మా తమ్ముడి సర్టిఫికెట్ల కోసం ఎనిమిది నెలలు తిరిగాం.

సింగ్‌నగర్ అమ్మాయి

ఇది నిజంగా నాకు తెలియదు. మావారికి చూపించాను, ముందు దాని ప్రీమియం కనుక్కుని తర్వాతే సామాను లెక్క వేద్దామన్నారు.

తాడేపల్లి ఎలక్ట్రీషియన్ (తాడేపల్లి)

ఇల్లు దిగేముందే కొన్ని చేయించుకోండి, సామాను పెట్టాక గోడలు దొరకవు. బోర్డులో ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడండి, 30 మిల్లీ ఆంపియర్లది. ఎంసీబీ వేరు, ఇది వేరు. ఎంసీబీ వైరుని కాపాడుతుంది, మనిషికి షాకు కొట్టినప్పుడు సరఫరా ఆపేది ఆర్‌సీసీబీ. ఓనరు వేయించకపోతే మీరే వేయించుకోండి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసుకెళ్ళొచ్చు. దానికి టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడాలి.

ఫ్యాన్లు కొనాల్సి వస్తే బీఎల్‌డీసీ. మామూలు ఫ్యాను 75 వాట్లు, ఇది 30, 35. మన ఊళ్ళో ఫ్యాను రోజుకి 15 గంటలు తిరుగుతుంది, నెలకి ఒక్కో ఫ్యానుకి 18 నుంచి 20 యూనిట్లు మిగులుతాయి. ఇన్వర్టరు ఉంటే కరెంటు పోయినప్పుడు కూడా ఎక్కువసేపు వస్తుంది. మా ఇంట్లో ఒకటి వేసి ఏడాది చూసి మిగతా మూడూ అవే వేశాను. రిమోటు మాత్రం గోడకి తగిలించే క్లిప్పులోనే ఉంచండి.

గ్యాసు పైపు. నారింజ రంగు సురక్షా హోస్ ఐదేళ్ళకోసారి మార్చాలి, పైపు మీదే తేదీ ఉంటుంది. కొత్తిల్లు దిగుతూ పాత పైపే తగిలించుకునేవాళ్ళని రోజూ చూస్తున్నాను. దయచేసి ఆ పని చేయొద్దు.

లక్ష్మీపురం కొత్త కాపురం (గుంటూరు)

నేను మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. మాకు పెళ్ళయి నాలుగు నెలలు. ఆర్‌వో కొనాలా వద్దా? అపార్ట్‌మెంటులో బోరు నీళ్ళు, కుళాయిల మీద తెల్లగా పొలుసు కడుతోంది. కూలరు కొనమని మా మామగారు, ఏసీ కొనమని మా నాన్న.

తాడేపల్లి ఎలక్ట్రీషియన్

అమ్మా, ముందు నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు కొనండి, రెండు మూడు వందల్లో వస్తుంది. తాగే నీళ్ళకి బీఐఎస్ పెట్టిన హద్దు లీటరుకి 500 మిల్లీగ్రాములు. దానికి తక్కువ ఉంటే సాధారణంగా ఆర్‌వో అక్కర్లేదు, మామూలు ఫిల్టరో కాచి వడకట్టడమో చాలు. ఆర్‌వో పెడితే బయటికి పోయే నీళ్ళు ఒక బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి వాడండి. పొలుసు కట్టే నీళ్ళయితే గీజరులో హీటరు రాడ్డు మీద కూడా కడుతుంది. గీజరులో ఆనోడ్ రాడ్డు అని ఒకటి ఉంటుంది, ట్యాంకు బదులు అది అరుగుతుంది. రెండేళ్ళకోసారి విప్పించి చూపించండి.

బ్రాడీపేట పిన్ని

కూలరు నేను చెప్తాను. ఏప్రిల్‌లో పొడిగాలి వీచే రోజుల్లో బానే ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువైన రోజున గదిలో జిగటగా ఉంటుంది, పక్కబట్టలు చల్లగా తడిగా తగులుతాయి. కూలరు పని చేయాలంటే గాలి పొడిగా ఉండాలి, కిటికీ తెరిచి ఉండాలి. మేము రెండు కూలర్లు కొన్నాం, మూడోది కొనలేదు. నేను ప్రతి వేసవీ మళ్ళీ కొనేది మట్టి కుండ. సాయంత్రం కడిగి, నీళ్ళు పోసి, చుట్టూ తడి గుడ్డ చుట్టి కిటికీ దగ్గర ఇసుక మీద పెడతాను.

కానూరు కుర్రాడు

పిన్నిగారూ, ఏసీ లేకుండా మా పై అంతస్తు స్లాబు కింద మే నెలలో నిద్ర పట్టడం అసాధ్యం. కూలరు విషయంలో మీతో ఒప్పుకుంటాను కానీ ఏసీ మాత్రం కొత్త కాపురానికి అవసరమే అంటాను. మాకు రాత్రి పని, పగలు పడుకోవాలి.

బ్రాడీపేట పిన్ని

పై అంతస్తు అయితే నువ్వన్నది నిజమే నాయనా. మాది కింది వాటా, వేపచెట్టు నీడ ఉంది. ఇల్లు చూసి కొనుక్కోవాలి.

సింగ్‌నగర్ అమ్మాయి

పరుపుల గురించి కూడా చెప్పండి. వరదలో పోయినవి బూరుగు దూదివి, తర్వాత కొన్నది ఫోము, నడుము పట్టేస్తోందని అత్తగారు చాపేసుకుని కింద పడుకుంటున్నారు. సోఫా మాత్రం కొనను, దివాన్ ఒకటి చాలు.

మంగళగిరి అద్దె ఇల్లు

సోఫా వద్దన్నది మంచి నిర్ణయం, మేము కూడా రెండోసారి కొనలేదు. దివాన్ అయితే చుట్టాలొస్తే పడుకోవచ్చు. పెద్దవాళ్ళకి కొబ్బరిపీచు పరుపు నాలుగంగుళాలది, పైన పల్చటి పత్తి పరుపు ఒకటి కుట్టించి వేయండి. పత్తి గడ్డ కడితే విప్పి ఏకించి మళ్ళీ కుట్టించుకోవచ్చు. మా అమ్మకి ఇలాగే రెండుసార్లు కొన్నాం. దోమతెర మర్చిపోకండి. పటమట అంటే బందరు కాలువ దగ్గరే కదా, కిటికీలకి జాలీ కొట్టించినా మంచానికి దోమతెర వేరే ఉండాలి.

వన్ టౌన్ స్టీలు

చెల్లెమ్మా, పాలు పొంగించే రోజు చుట్టాలు ఏం తెమ్మంటావని అడిగితే మొహమాటపడకు. ఒకరికి కుక్కరు, ఒకరికి డబ్బాల సెట్టు అని చెప్పేయి. చెప్పకపోతే ఆరు గోడ గడియారాలు, నాలుగు డజన్ల గ్లాసులు వస్తాయి. అవి మార్చుకోవడానికి వచ్చేవాళ్ళని వారానికి ఒకళ్ళిద్దరిని చూస్తుంటాను, బిల్లు లేక వెనక్కి వెళ్ళిపోతారు.

సింగ్‌నగర్ అమ్మాయి

అందరికీ థాంక్స్. రాయడం ఆలస్యమైంది, పదిహేను రోజుల క్రితం పటమటలో దిగాం.

సామాను బీమా కట్టాం. ఆర్‌సీసీబీ, కొత్త గ్యాసు పైపు, రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు సామాను దిగకముందే పెట్టించాం. ఇనుప బీరువా స్టాండుతో సహా తీసుకున్నాం. రెండు లీటర్ల గ్రైండరు వచ్చింది, మిక్సీ కొత్తది కొనలేదు, పాతదానికే కప్లరు మార్పించాను. ఆటోనగర్ అన్నా, మొన్న కొబ్బరి తిప్పుతుంటే ఆగిపోయింది, కంగారు పడకుండా పది నిమిషాలు ఆగి బటన్ నొక్కాను, తిరిగింది. వాషింగ్ మెషీన్ సెమీ ఆటోమేటిక్ తీసుకున్నాం, ఎందుకంటే ఈ ఇంట్లో పొద్దున కుళాయి సన్నగా వస్తుంది, దాంట్లో అయితే బకెట్‌తో నీళ్ళు పోసుకోవచ్చు. ఐదు కొత్త గిన్నెలు, దళసరివి, బిల్లు మీద 304 అని రాయించాను. కుక్కరు మా పెద్దాడపడుచు తెచ్చింది. మొత్తం లక్షా పన్నెండు వేలయింది.

టేకు మంచానికి పాలిష్ చేయించాం. దాని కాలి మీద నీటి గీత ఉంది, పాలిష్ అతను అది గీకేస్తానన్నాడు, అత్తగారు ఉంచమన్నారు. దాని మీదే కొబ్బరిపీచు పరుపు, పత్తి పరుపు వేశాం, ఇప్పుడు మంచం మీదే పడుకుంటున్నారు.

పిన్నీ, జాడీలు రెంటిలో ఒకటి లోపల గరుకు తగిలింది, దాంట్లో కందిపప్పు పోశాను. రెండోదాంట్లో నిన్న ఆవకాయ కలిపాం. ముక్కలు పాతిక కాయలవి, కారం గుంటూరు నుంచి మా బాబాయి పంపాడు, అత్తగారు చెప్తుంటే నేను కలిపాను. మూడో రోజు తిరగ కలపాలంటున్నారు, అప్పుడు ఉప్పు చూసి వేయాలా, ముందే వేసేయాలా అన్నదాని మీద ఇంట్లో రెండు మాటలున్నాయి. మీరెలా చేస్తారో చెప్పండి.

బ్రాడీపేట పిన్ని

మూడో రోజు కలిపాక ముక్క కొరికి చూసి అప్పుడు వేయమ్మా. ముందే వేస్తే తీయలేవు. నూనె ముక్కల పైకి తేలేదాకా పోయి, వాసెన గుడ్డ రెండు మడతలు కట్టు, జాడీ ఈసారి అటక మీద పెట్టు.